మానవ హక్కుల ఎల్‌ఎల్‌ఎంకు స్కాలర్‌షిప్ కావాలంటే ముందు మీ కేసు డైరీ తెరవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాగార్జున యూనివర్సిటీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, 62 శాతం మార్కులు. గుంటూరులో మూడేళ్లుగా జూనియర్‌గా ప్రాక్టీస్, అందులో ఎక్కువ భాగం ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసులు. ఎస్సీ కుటుంబం, నాన్నగారు కౌలు రైతు. విదేశంలో మానవ హక్కుల చట్టంలో ఎల్‌ఎల్‌ఎం, అంటే మాస్టర్స్ డిగ్రీ, చదవాలని ఉంది, సొంత డబ్బుతో కుదిరే పని కాదు. ఏ స్కాలర్‌షిప్‌కు పెట్టాలి, వ్యాసంలో ఏం రాయాలి, ధర్నా కేసు ఒకటి పెండింగ్‌లో ఉండగా పాస్‌పోర్ట్ వస్తుందా అని అడిగారు.

నేను ఈ చదువు బ్రిటన్‌లో స్కాలర్‌షిప్ మీదే చదివి వచ్చాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాను. ఏటా ఆగస్టు వచ్చేసరికి జూనియర్లు కొందరు తమ వ్యాసాలు పంపుతారు, చదివి నా అభిప్రాయం చెబుతుంటాను. అలా చదివిన వాటిలో మంచి మార్కులు, మంచి ఇంగ్లీషు ఉండి కూడా ఎంపిక కానివి చాలా ఉన్నాయి. వాటన్నిటిలోనూ లోపం ఒకటే. రాసిన మనిషి ఏ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ అంత దూరం వెళ్తున్నారో చివరి దాకా చదివినా తెలియదు. "చిన్నప్పటి నుంచి అన్యాయం చూస్తే సహించలేను, పేదలకు సేవ చేయాలని నా కోరిక" అని మొదలవుతాయి. అది నిజమే కావచ్చు. కానీ స్కాలర్‌షిప్ కమిటీ ముందున్న వందల దరఖాస్తుల్లో అదే వాక్యం ఉంటుంది.

మీ దగ్గర అంతకంటే మంచిది ఉంది. మూడేళ్ల కేసు డైరీ ఉంది. ఏ స్కాలర్‌షిప్, ఏ దేశం అని వెతకడం ఒక వారం ఆపేసి, ఆ డైరీలు తిరగేయండి. ఏ విషయం దగ్గర మీరు మళ్లీ మళ్లీ ఆగిపోయారో గుర్తు పెట్టండి. అట్రాసిటీ కేసులు చేసేవారికి అది సాధారణంగా సాక్షుల దగ్గరే వస్తుంది. ఎఫ్ఐఆర్ అయింది, చార్జిషీటు పడింది, మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన 164 స్టేట్‌మెంట్ కూడా ఉంది. విచారణ మొదలయ్యేనాటికి సాక్షి హాస్టైల్. ఊళ్లో కౌలు పోతుందని ఒకరు, కొడుక్కి పని ఇవ్వరని ఇంకొకరు అడ్డం తిరుగుతారు. 2015 సవరణతో ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టంలో 15ఎ సెక్షన్ వచ్చింది. బాధితులకు, సాక్షులకు రక్షణ, ప్రయాణ ఖర్చులు, బెయిల్ సహా ప్రతి విచారణ గురించి ముందుగా సమాచారం, వాదన వినిపించే హక్కు అన్నీ అందులో ఉన్నాయి. 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, దేశమంతా చట్టంలా అమలు చేయాలంది. కాగితం మీద ఇంత ఉంది. మీ కోర్టులో ఎన్ని కేసుల్లో 15ఎ కింద పిటిషన్ పడింది? పడిన చోట ఏం ఆర్డర్ వచ్చింది? పడని చోట ఎందుకు పడలేదు? బాధితులకు తెలియకా, ప్రాసిక్యూటర్‌కు తీరిక లేకా, పిటిషన్ వేస్తే ఊళ్లో ఇంకా పగ పెరుగుతుందన్న భయంతోనా?

దీనికి సొంత అనుభవంతో రెండు పేజీల జవాబు రాయగలిగితే మీ దరఖాస్తులో కష్టమైన భాగం అయిపోయినట్టే. అప్పుడు మీ చదువు ఉద్దేశం ఇలా తయారవుతుంది: బాధితులకు విచారణలో పాల్గొనే హక్కును, సాక్షుల రక్షణను ఇతర దేశాల చట్టాలు, అంతర్జాతీయ కోర్టులు ఎలా నడిపిస్తున్నాయో చదివి, 15ఎ సెక్షన్‌ను జిల్లా కోర్టు స్థాయిలో పనిచేయించే పద్ధతి తయారు చేయాలి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో బాధితులు తమ లాయర్ ద్వారా విచారణలో పాల్గొనవచ్చు. మన దేశం ఆ కోర్టు ఒప్పందంలో చేరలేదు, అయినా పద్ధతి నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. జాతి వివక్షకు వ్యతిరేకంగా ఉన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మాత్రం మన దేశం 1968లోనే ఆమోదించింది. ఆ ఒప్పందాన్ని పర్యవేక్షించే కమిటీ 2002లో 29వ సాధారణ సిఫార్సు ఇచ్చి, పుట్టుక ఆధారంగా జరిగే వివక్షలో కులం కూడా వస్తుందని స్పష్టంగా చెప్పింది. భారత ప్రభుత్వం ఆ వాదనను ఒప్పుకోలేదు. గుంటూరు స్పెషల్ కోర్టులో మీరు చేసే పనికీ జెనీవాలో ఆ ఐక్యరాజ్యసమితి కమిటీ ముందు జరిగే వాదనకూ మధ్య దారి ఇక్కడుంది. స్కాలర్‌షిప్ కమిటీ మీ కాగితంలో చూడాలనుకునేది ఆ దారినే.

తెనాలి పక్కనే ఉన్న చుండూరు గురించి రాయాలా అని మీకు అనిపించవచ్చు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన ఆ కేసులో ఊళ్లోనే స్పెషల్ కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి జీవిత ఖైదు పడింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. మన ప్రాంతం నుంచి ఈ చదువుకు వెళ్లేవాళ్లందరి మనసులోనూ ఆ కేసు ఉంటుంది. దాని గురించి ఒక్క వాక్యం రాయండి, చాలు. చుండూరు చరిత్రతో వ్యాసం నింపితే మీరు కనపడకుండా పోతారు. కమిటీ అంచనా వేసేది మిమ్మల్ని. ఆ తీర్పుల తర్వాత కోర్టుకొచ్చిన తరం లాయరుగా మీరు ఏ పని చేస్తున్నారన్నదే అక్కడ ముఖ్యం.

ఇక వ్యాసాలు. చెవెనింగ్ స్కాలర్‌షిప్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే మీకు బాగా సరిపోయేది అదే అనుకుంటున్నాను. ఇది బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న స్కాలర్‌షిప్. ఏడాది మాస్టర్స్‌కు ఫీజు, నెల నెలా ఖర్చులు, విమాన చార్జీలు ఇస్తారు. వయసు పరిమితి లేదు, కులం ఆదాయం చూడరు. 2,800 గంటల పని అనుభవం ఉండాలి. వారానికి 35 గంటలు, ఏడాదికి 40 వారాల లెక్కన అది రెండేళ్లు. మూడేళ్ల ప్రాక్టీస్ ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. చదువయ్యాక తిరిగి వచ్చి కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. నాయకత్వం, మనుషులతో సంబంధాలు ఏర్పరచుకోవడం, బ్రిటన్‌లోనే ఎందుకు చదవాలి, తిరిగొచ్చాక ఏం చేస్తారు అని నాలుగు వైపుల నుంచి ప్రశ్నలు అడుగుతారు.

నాయకత్వం అనగానే మనవాళ్లు కాలేజీ యూనియన్ పదవులు, మూట్ కోర్టు బహుమతులు రాస్తారు. అవి లేనివాళ్లు టెన్షన్ పడతారు. మీరు పడాల్సిన పని లేదు. అట్రాసిటీ చట్టం నిబంధనల్లో రూల్ 12(4) కింద రావాల్సిన పరిహారం ఆగిపోయిన కుటుంబం తరఫున మీరు కలెక్టరేట్ చుట్టూ తిరిగి ఇప్పించి ఉంటారు. వాయిదాకు సాక్షులు రాలేకపోతే అందరినీ కలిపి ఒకే బండిలో తీసుకొచ్చే ఏర్పాటు చేసి ఉంటారు. జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలని రూల్స్‌లో ఉన్నా కూర్చోకపోతే, ఆర్‌టీఐ వేసి కూర్చోబెట్టి ఉంటారు. పదవి లేకుండా పది మందిని కదిలించి ఒక పని చేయించడమే వాళ్లు అడిగే నాయకత్వం. ఒకే సంఘటన తీసుకోండి. పరిస్థితి ఏమిటి, ఎవరు ఒప్పుకోలేదు, మీరు ఏం చేశారు, ఏం మారింది, ఏం మారలేదు అన్నవి వరసగా రాయండి. మారనిదాన్ని కూడా దాచకుండా రాసిన వ్యాసాలను చదివేవాళ్లు ఎక్కువ నమ్ముతారు.

సంబంధాల ప్రశ్నకు పెద్దవాళ్ల పేర్లు ఏకరువు పెట్టొద్దు. ఊరి అంగన్‌వాడీ టీచరు మీకు ఫోన్ చేసి ఘటన గురించి చెప్పడం, ఆ సమాచారం మీరు ఒక హక్కుల సంఘానికి చేర్చడం, వాళ్ల నిజనిర్ధారణ నివేదిక మీ కేసుకు పనికి రావడం, ఇదీ సంబంధాలంటే.

బ్రిటన్‌లోనే ఎందుకు అన్న ప్రశ్న దగ్గర చాలామంది "ప్రపంచ స్థాయి విద్య" అని రాసి వదిలేస్తారు. మీకు మాత్రం గట్టి కారణం ఉంది, దాన్ని తప్పక వాడుకోండి. బ్రిటన్ 2010 ఈక్వాలిటీ యాక్ట్ 9(5) సెక్షన్‌లో కులం ప్రస్తావన ఉంది. కులాన్ని జాతి నిర్వచనంలో చేర్చాలని 2013లో పార్లమెంటు ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. ఈలోగా 2014లో టిర్కీ వర్సెస్ చందోక్ కేసులో, కుల వివక్షలో కొంత భాగం ఇప్పటికే ఉన్న చట్టం కిందికే రావచ్చని ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్ చెప్పింది. ఆ తీర్పు చాలని 2018లో ప్రభుత్వం విడిగా చేర్చడం మానేసింది. కులాన్ని ఎప్పుడూ చూడని కోర్టులు కులాన్ని ఎలా అర్థం చేసుకుంటాయో చదవడానికి ఇంతకంటే మంచి చోటు ఏది? అమెరికాలో 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ వీటో చేశారు. మన తెలుగు ఐటీ ఉద్యోగులు వేల మంది ఉండే ప్రాంతాలివి. అట్రాసిటీ చట్టాన్ని కింది కోర్టులో నడిపిన అనుభవం ఉన్న మనిషి ఆ తరగతి గదిలో కూర్చుంటే అక్కడి విద్యార్థులకూ లాభమేనని ధైర్యంగా రాయండి.

యూనివర్సిటీ ఎంపిక కూడా ఈ ప్రశ్న నుంచే రావాలి, ర్యాంకుల పట్టిక నుంచి కాదు. కోల్చెస్టర్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో హ్యూమన్ రైట్స్ సెంటర్ 1980ల మొదటి నుంచీ ఉంది. చిత్రహింసల మీద ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధిగా పనిచేసిన నైజెల్ రాడ్లీ, ఆరోగ్య హక్కు మీద పనిచేసిన పాల్ హంట్ అక్కడ పాఠాలు చెప్పినవారే. అక్కడి హక్కుల క్లినిక్‌లో విద్యార్థులు బయటి సంస్థల కోసం నిజమైన ప్రాజెక్టులు చేస్తారు. మీలా కోర్టు నుంచి వెళ్లేవారికి లైబ్రరీ కంటే అది ఎక్కువ ఉపయోగం. నాటింగ్‌హామ్‌లో హ్యూమన్ రైట్స్ లా సెంటర్ ఉంది. లండన్‌లోని సోయాస్‌లో దక్షిణాసియా చట్టాలు, కులం గురించి లోతుగా తెలిసిన అధ్యాపకులు దొరుకుతారు. ఐర్లండ్‌లో గాల్వే యూనివర్సిటీలోని ఐరిష్ సెంటర్ ఫర్ హ్యూమన్ రైట్స్ చిన్నదైనా మంచి పేరున్నది. చెవెనింగ్ దరఖాస్తులో మూడు కోర్సులు ఇవ్వాలి. మూడూ ఒకే కోవలో ఉండాలి. ఒకటి మానవ హక్కులు, ఇంకోటి కార్పొరేట్ లా అని పెడితే మీ ఉద్దేశం మీద నమ్మకం పోతుంది. ప్రతి కోర్సు పేజీలో మాడ్యూళ్ల జాబితా చదివి, మీ ప్రశ్నకు పనికొచ్చే రెండింటి పేర్లు వ్యాసంలో ప్రస్తావించండి.

ఇప్పుడు డబ్బు దారులు. చెవెనింగ్ దరఖాస్తు ఆగస్టులో తెరిచి అక్టోబరులో మూసేస్తారు. ఇంటర్వ్యూలు ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా, ఫలితాలు జూన్‌లో. యూనివర్సిటీ అడ్మిషన్‌కు విడిగా మీరే పెట్టుకోవాలి. ఎంపికైన తర్వాత అడ్మిషన్ లేక ఆగిపోయినవాళ్లున్నారు, కాబట్టి రెండూ పక్కపక్కనే నడవాలి. కామన్వెల్త్ మాస్టర్స్ స్కాలర్‌షిప్‌కు మన దేశంలో విద్యాశాఖ ద్వారా నామినేషన్ వెళ్లాలి. కామన్వెల్త్ షేర్డ్ అని ఇంకొకటి ఉంది, అది ఎంపిక చేసిన యూనివర్సిటీల్లోని ఎంపిక చేసిన కోర్సులకే. ఈ రెండూ అభివృద్ధి కోణం అడుగుతాయి, సొంత ఖర్చుతో చదవలేనివారికి ఇస్తాయి.

ఫెలిక్స్ స్కాలర్‌షిప్ గురించి మన జిల్లాల్లో తెలిసినవాళ్లు తక్కువ. ఆక్స్‌ఫర్డ్, సోయాస్, రీడింగ్ యూనివర్సిటీలకు భారతీయ విద్యార్థులను పంపడానికి పెట్టినది. 30 ఏళ్ల లోపు ఉండాలి, ఫస్ట్ క్లాస్ ఉండాలి, అంతకుముందు విదేశంలో చదివి ఉండకూడదు, ఆర్థికంగా వెనుకబడినవారై ఉండాలి. మీకు అన్నీ సరిపోతున్నాయి. సోయాస్‌కు దరఖాస్తు పెడితే దీన్ని వదలొద్దు. ఇన్లాక్స్ అనే ఇంకో స్కాలర్‌షిప్‌కూ 30 ఏళ్ల పరిమితే, అడ్మిషన్ లెటర్ చేతిలో ఉండాలి. ఐర్లండ్ ప్రభుత్వం ఏటా 60 మంది విదేశీ విద్యార్థులకు 10,000 యూరోలు ఇచ్చి, ఏడాది ఫీజు మొత్తం మాఫీ చేయిస్తుంది. గాల్వే అనుకుంటే అది చూడండి. అమెరికాకైతే ఫుల్‌బ్రైట్ నెహ్రూ మాస్టర్స్‌లో అంతర్జాతీయ న్యాయ అధ్యయనం ఒక విభాగం. దానికి మూడేళ్ల పూర్తికాలపు, జీతం ఉన్న పని అనుభవం కావాలి. సీనియర్ దగ్గర చేతిఖర్చులకే పనిచేసిన జూనియర్లకు ఇది ఇబ్బంది. మీకు నెలనెలా ఇచ్చినది బ్యాంకులో పడి ఉంటే ఆ స్టేట్‌మెంట్లు భద్రపరచండి, సీనియర్ గారి దగ్గర లెటర్ తీసుకోండి. జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి ఉన్న సంస్థ, కానీ ఇచ్చేది రుణ స్కాలర్‌షిప్, 10 లక్షల దాకా. అది ఒక్కటే చాలదు. ఫీజు మినహాయింపు ఇంకెక్కడైనా దొరికితే లోటు పూడ్చడానికి పనికొస్తుంది.

నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అది మీ హక్కుగా ఉన్నది, అందులోనే ఒక పెద్ద చిక్కూ ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఏటా 125 మందికి ఇస్తుంది, అందులో 115 ఎస్సీలకు. 30 శాతం మహిళలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, వయసు 35 లోపు, అర్హత పరీక్షలో 60 శాతం. మీ 62తో మీరు గీత దాటారు. యూనివర్సిటీ క్యూఎస్ అనే ప్రపంచ ర్యాంకుల పట్టికలో 500 లోపు ఉండాలి. హక్కుల చట్టంలో గొప్ప పేరున్న కొన్ని యూనివర్సిటీలు మొత్తం ర్యాంకుల్లో ఆ అంచునే ఉంటాయి, ఆ ఏడాది జాబితాలో చూసుకునే దరఖాస్తు పెట్టండి. బ్రిటన్‌కు ఏడాదికి 9,900 పౌండ్ల జీవన భృతి, ఫీజు విడిగా కడతారు.

చిక్కు ఏమిటంటే, 2022లో మార్చిన మార్గదర్శకాల ప్రకారం భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదు. దళిత విద్యార్థులు కులం గురించి చదవడానికే విదేశీ యూనివర్సిటీలకు వెళ్లాలనుకుంటే వాళ్ల కోసమే పెట్టిన పథకం తలుపు మూసిందని అప్పట్లో చాలామంది నిరసన తెలిపారు. ఆ నిరసన పూర్తిగా న్యాయమైనదని నా అభిప్రాయం. అంబేడ్కర్ బయటి దేశానికి వెళ్లి కులం మీద రాసిన కాగితం ఈ నిబంధన కింద నిలబడేది కాదు. నిబంధన మారాలని పోరాడుతూనే మీ దరఖాస్తును జాగ్రత్తగా రాసుకోవాలి. మీరు పెట్టేది అంతర్జాతీయ మానవ హక్కుల చట్టంలో ఎల్‌ఎల్‌ఎం. అందులో చదివేది ఒప్పందాల చట్టం, బాధితుల హక్కులు, తులనాత్మక సాక్షి రక్షణ. చదువు ఉద్దేశం అడిగిన చోట ఈ మాటల్లోనే రాయండి. ఇందులో అబద్ధం ఏమీ లేదు, మీ కోర్సులో నిజంగా ఉండేవి ఇవే. కులం మీద డిసర్టేషన్ రాయాలన్న ఆలోచన చెవెనింగ్‌కో, ఫెలిక్స్‌కో రాసే కాగితంలో పూర్తిగా విప్పి చెప్పండి.

ఇంకో మాట. 2025 జూలైలో ఈ పథకం కింద 106 మంది ఎంపికైతే, మొదట 40 మందికే తాత్కాలిక అవార్డు లెటర్లు వచ్చాయి, మిగతావి నిధుల లభ్యతను బట్టి అన్నారు. కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు, ఆస్తి పూచీ కాగితాలకు తహసీల్దారు ఆఫీసులో పట్టే సమయం కూడా లెక్కలో వేసుకోండి. రాష్ట్ర పథకాల విషయానికొస్తే, తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తారు, అది అక్కడి స్థానికులకే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా విదేశీ విద్య పథకం పేరూ నిబంధనలూ మారుతూ వచ్చాయి. మీరు పెట్టే ఏడాది జీవోలో సబ్జెక్టుల జాబితాలో లా ఉందో లేదో ముందు చూడండి.

రిఫరెన్స్ లెటర్ల సంగతి. పెద్ద పేరున్న రిటైర్డ్ జడ్జి గారు "ఈమె కష్టపడే స్వభావం, మంచి నడవడిక" అని నాలుగు వాక్యాలు రాస్తే ఉపయోగం లేదు. మీ డ్రాఫ్టులు దిద్దిన సీనియర్, మీకు క్లాసులో పాఠం చెప్పి మీ పేపరు చదివిన లెక్చరర్, వీళ్లే సరైనవాళ్లు. వాళ్లకు తీరిక ఉండదు, కాబట్టి ఒక పేజీ నోట్ రాసివ్వండి. ఏ కేసులో మీరు ఏ పాయింట్ వెతికారు, ఏ ఆర్డర్ వచ్చింది, మీరు ఏ కోర్సుకు ఎందుకు వెళ్తున్నారు అని. సీనియర్ గారు ఆ నోట్ చూసుకుని తన మాటల్లో రాస్తారు. లెటర్ మీరే రాసి సంతకం పెట్టించుకోవడం మన దగ్గర మామూలే అయినా, చేయొద్దు. రెండు లెటర్లలోనూ, మీ వ్యాసంలోనూ ఒకే గొంతు వినిపిస్తే చదివేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

మీ వ్యాసాల్లో గానీ, రాత నమూనాగా పంపే కాగితంలో గానీ బాధితుల పేర్లు, ఊళ్ల పేర్లు రాయొద్దు. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, పోక్సోలో 23వ సెక్షన్ ఉంది. చట్టం సంగతి అటుంచితే, మీ క్లయింటు తన బాధను మీకు చెప్పింది కేసు కోసం. దాన్ని నా స్కాలర్‌షిప్ కోసం వాడుకుంటున్నానా అని ప్రతి పేరా దగ్గరా మిమ్మల్ని మీరే అడగండి. వ్యాసంలో కనపడాల్సింది ఆమె గాయాలు కాదు, మీరు చేసిన పని. రాత నమూనాకు 15ఎ మీద హరిరామ్ భంభి కేసులో 2021 నాటి సుప్రీంకోర్టు తీర్పు లాంటిది ఒకటి తీసుకుని, కింది కోర్టులో అది ఎలా అమలవుతోందో రాయండి. ఇంటర్నెట్‌లో దొరికే వ్యాసాల్లో లేనిది మీ దగ్గర ఉన్నది అదే.

ఇంగ్లీషు గురించి మీరు మొహమాటపడుతూ రాశారు. ఎల్‌ఎల్‌ఎంలకు ఐఈఎల్‌టీఎస్‌లో సాధారణంగా 6.5 నుంచి 7 అడుగుతారు. రోజూ కోర్టులో పిటిషన్లు డ్రాఫ్ట్ చేసేవాళ్లకు అది అందని స్కోరు కాదు. కాకపోతే మనం అలవాటుపడిన కోర్టు ఇంగ్లీషును వ్యాసంలోకి తేవొద్దు. "మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ సబ్మిట్" తరహా వాక్యాలన్నీ తీసేసి, చిన్న వాక్యాల్లో రాయండి. రాశాక లాయరు కాని స్నేహితురాలికి చదివి వినిపించండి. ఆమెకు ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ మళ్లీ రాయాలి. వ్యాసం రాయించడానికి కన్సల్టెన్సీకి డబ్బు కట్టొద్దు, కృత్రిమ మేధతో మొత్తం రాయించనూ వద్దు. ఇంటర్వ్యూలో మీ వ్యాసంలోని వాక్యం చదివి "దీని గురించి ఇంకొంచెం చెప్పండి" అంటారు. అది మీ జీవితంలోంచి వచ్చిన వాక్యం అయితేనే ఆ తర్వాతి మాట మీ నోట వస్తుంది.

తిరిగొచ్చాక బతుకుదెరువు సంగతి కూడా నిజాయితీగా ఆలోచించాలి. ఈ డిగ్రీ మీ ఫీజును పెంచదు. 2020లో విదేశీ విరాళాల చట్టం బిగించాక హక్కుల సంస్థల్లో ఉద్యోగాలు తగ్గాయి. టీచింగ్ వైపు వెళ్లాలనుకుంటే, బార్ కౌన్సిల్ 2020 నిబంధనల్లో విదేశీ ఏడాది ఎల్‌ఎల్‌ఎంను ఇక్కడి ఎల్‌ఎల్‌ఎంతో సమానంగా చూడటానికి అభ్యంతరం పెట్టింది, ఆ నిబంధనలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. వెళ్లే ముందు అప్పటి పరిస్థితి కనుక్కోండి. మీ కెరీర్ ప్లాన్ వ్యాసంలో మాత్రం "ఐక్యరాజ్యసమితిలో పనిచేస్తాను" అని రాయొద్దు. గుంటూరు, బాపట్ల, పల్నాడు జిల్లాల్లో అట్రాసిటీ కేసుల సాక్షుల కోసం 15ఎ పిటిషన్ల నమూనాలు తయారు చేసి జూనియర్లకు శిక్షణ ఇస్తాను అని రాయండి. కె.జి. కన్నబిరాన్, బాలగోపాల్, బొజ్జా తారకం వంటి న్యాయవాదులు మన దగ్గర ఒక సంప్రదాయం ఏర్పరిచి వెళ్లారు. ఆ పనిని కింది కోర్టుల్లో పద్ధతిగా నిలబెట్టేవాళ్లు ఇప్పుడు చాలా అవసరం. మీరు ఆ పనికే వెళ్తున్నారని నాకు మీ ప్రశ్న చదివితేనే అనిపించింది.

ఇక పాస్‌పోర్ట్. అన్నిటికంటే ముందు కదలాల్సిన పని ఇదే. పాస్‌పోర్టుల చట్టం 1967లో 6(2)(ఎఫ్) ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్ట్ నిరాకరించవచ్చు. కానీ 1993 ఆగస్టు 25 నాటి జీఎస్‌ఆర్ 570(ఇ) నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు విదేశానికి వెళ్లడానికి అనుమతిస్తే పాస్‌పోర్ట్ ఇస్తారు. కోర్టు ఆర్డర్‌లో గడువు రాయకపోతే ఏడాదికే ఇస్తారు, అది మీ చదువుకు సరిపోదు. కాబట్టి పిటిషన్‌లో ఎన్నేళ్లకు కావాలో స్పష్టంగా ప్రార్థించండి. ఎఫ్ఐఆర్ దశలోనే ఉండి కోర్టు కాగ్నిజెన్స్ తీసుకోకపోతే, అంటే కేసును విచారణకు స్వీకరించకపోతే, ఆ సెక్షన్ వర్తించదని పలు హైకోర్టులు చెప్పాయి, మీ కేసు ఏ దశలో ఉందో ముందు చూడండి. దరఖాస్తు ఫారంలో కేసు సంగతి దాచొద్దు. దాస్తే అదే కొత్త సమస్య అవుతుంది. వీసా ఫారంలోనూ అంతే. ధర్నాలో పాల్గొన్నందుకు పడిన కేసును చూసి స్కాలర్‌షిప్ కమిటీలు వెనక్కి పోవు, ఇంటర్వ్యూలో అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి. కేసు నంబరు, దశ, సెక్షన్లు రాసి పెడితే అనుమతి పిటిషన్ ముసాయిదా చూసి చెబుతాను.